కోయని మెదడు

మెదడు చరిత్ర – 6వ భాగం

1861 ఏప్రిల్ రెండో వారం. పారిస్ దక్షిణ శివార్లలో బిసెత్ర్ ఆస్పత్రి. సర్జరీ వార్డుకు కొత్తగా మార్చిన రోగిని డాక్టరు ఒక ప్రశ్న అడిగాడు: "ఈ ఆస్పత్రికి వచ్చి ఎన్నేళ్లయింది?"

రోగి వయసు 51. కుడి చెయ్యీ, కుడి కాలూ పడిపోయాయి. నోరు తెరిస్తే వచ్చేది ఒక్కటే, "టాన్". ఏమడిగినా "టాన్, టాన్" అని జంటగా అంటాడు, దానికి రకరకాల సైగలు జోడిస్తాడు. ఈసారి మాత్రం చేతిని వరసగా నాలుగుసార్లు చాచి ముడిచి, చివర చూపుడువేలు ఒక్కటే ఎత్తాడు. నాలుగైదులు ఇరవై, పైన ఒకటి. ఆస్పత్రి లెక్కా అంతే, 21 ఏళ్లు.

మర్నాడు డాక్టరు మళ్లీ అదే అడిగాడు. మళ్లీ అదే జవాబు. మూడోసారి అడిగేసరికి రోగికి విషయం బోధపడింది. ఈయన తెలియక అడగడం లేదు, నాకు పరీక్ష పెడుతున్నాడు అనుకున్నాడు. ఒళ్లు మండింది. దేవుడి పేరు కలిపి తిట్టే ఫ్రెంచి తిట్టు ఒకటి, మొదటి నుంచి చివరిదాకా స్పష్టంగా, ఆ నోట్లోంచి ఊడిపడింది. అతని నోట ఆ తిట్టు తాను విన్నది ఆ ఒక్కసారేనని డాక్టరు తర్వాత రాసుకున్నాడు.

డాక్టరు పేరు పాల్ బ్రోకా. అప్పటికి 36 ఏళ్లు. రోగి పేరు లెబోర్న్, కానీ ఆస్పత్రిలో ఆ పేరు వాడినవాళ్లు తక్కువ. అందరికీ అతను "టాన్". వారం తిరక్కుండా చనిపోతాడు. అతని మెదడు మాత్రం ఇవాళ్టికీ పారిస్‌లో ఉంది.

ఈ కథను బ్రోకా భాషాకేంద్రాన్ని కనిపెట్టిన కథగా చెప్పడం అలవాటు. పాఠ్యపుస్తకాల్లో అది రెండు వాక్యాల్లో అయిపోతుంది. నాకు ఇందులో వేరే రెండు సంగతులు పెద్దవిగా కనిపిస్తాయి. మాట లేని ఆ మనిషి తన జబ్బు చరిత్రను తానే సాక్ష్యంగా చెప్పాడు. డాక్టరు ఆ సాక్ష్యం తీసుకుని, ఆ తర్వాత చేతికందిన మెదడును కోయకుండా దాచిపెట్టాడు. మొదటిదాని వల్ల ఒక సిద్ధాంతం నిలబడింది. రెండోదాని వల్ల, దాదాపు నూట యాభై ఏళ్ల తర్వాత, ఆ సిద్ధాంతాన్ని సరిదిద్దడం కుదిరింది.

లెబోర్న్‌కు చిన్నతనం నుంచీ మూర్ఛ ఉండేది. అయినా పని నేర్చుకున్నాడు. బూట్లు కుట్టేవాళ్లకు కావలసిన కొయ్య అచ్చులు, పాదం ఆకారంలో ఉండేవి, చెక్కేవాడు. ముప్పయ్యో ఏట మాట పోయింది. ఒక్కసారిగా పోయిందో, మెల్లగా పోయిందో ఆస్పత్రివాళ్లెవరూ రాసిపెట్టలేదు. మాట పోయిన రెండు మూడు నెలలకు బిసెత్ర్‌కు తెచ్చారు. అప్పట్లో అది ముసలివాళ్లకూ, దీర్ఘరోగులకూ, మతి చలించినవాళ్లకూ కలిపి ఒకే పెద్ద ఆవరణ. 1792లో గిలటిన్ యంత్రాన్ని మొదటగా శవాల మీద పరీక్షించి చూసింది కూడా ఈ ఆవరణలోనే.

వచ్చిన కొత్తలో అతను ఆరోగ్యంగానే ఉన్నాడు. తిరిగేవాడు, చెప్పింది అర్థం చేసుకునేవాడు. మాట ఒక్కటే లేదు. పదేళ్లు అలా గడిచాక కుడి చెయ్యి బలం తగ్గుతూ వచ్చి పడిపోయింది. తర్వాత కుడి కాలు. చివరి ఏడేళ్లూ మంచం మీదే. తోటి రోగులకు అతనంటే పడదు. స్వార్థపరుడు, పగబట్టేవాడు అనేవాళ్లు, దొంగ అని కూడా చెప్పుకునేవాళ్లు. అవతలివాళ్లు ఏమంటున్నారో పూర్తిగా అర్థమవుతూ, జవాబుగా ఒక్క మాటా పెగలని మనిషికి కోపం రాకపోతేనే వింత.

మంచంలో పడ్డా శుభ్రంగానే ఉండేవాడు. అదే అతని ప్రాణం మీదికి తెచ్చింది. పక్క పాడుచేసుకోడు కనక దుప్పట్లు వారానికొకసారే మార్చేవాళ్లు. కుడి కాలికి చీము పట్టి పాదం నుంచి పిరుదు దాకా పాకేవరకూ ఎవరి కంటా పడలేదు. ఏప్రిల్ 11న సర్జరీకి మార్చారు. అక్కడ సర్జను బ్రోకా.

మామూలు సర్జను అయితే కాలు చూసి ఊరుకునేవాడు. బ్రోకా ఊరుకోకపోవడానికి కారణం ఉంది. ఆ వసంతకాలమంతా పారిస్‌లో ఆయన చెవుల్లో ఒకే వాదన మోగుతోంది.

గాల్ గురించి క్రితం భాగాల్లో చెప్పుకున్నాం. పుర్రె మీది ఎత్తుపల్లాలు తడిమి మనిషి గుణం చెప్పేస్తానన్న గాల్, మాటల జ్ఞాపకం కళ్ల వెనక, మెదడు ముందుభాగంలో ఉంటుందన్నాడు. బడిలో తనతో చదివి, పాఠాలు ఇట్టే బట్టీ కొట్టిన పిల్లలకు ఉబ్బు కళ్లుండేవన్నది ఆయన మొదటి ఆధారం. బొడిపెల శాస్త్రం నవ్వులపాలయింది. దాంతోపాటు, మెదడులో ఒక్కో పనికి ఒక్కో చోటు ఉంటుందన్న మాట కూడా పరువు పోగొట్టుకుంది. ఫ్లూరాన్స్ అనే శాస్త్రవేత్త పావురాల మెదళ్లలో ముక్కలు తీసి చూసి, పెద్దమెదడు మొత్తం ఒక్కటిగానే పనిచేస్తుందని తేల్చాడు. పెద్దలందరూ ఆయన పక్షమే. పావురం మాట్లాడదు కదా అని అడిగినవాళ్లు అరుదు.

గాల్ పక్షాన మిగిలిన గట్టి మనిషి బుయ్యో అనే వైద్యుడు. మాట పోయిన రోగుల మెదళ్లలో దెబ్బ ముందు తమ్మెల్లోనే (ఫ్రాంటల్ లోబ్స్) కనిపిస్తోందని 1825లోనే రాశాడు. ముందు తమ్మెలు రెండూ బాగా దెబ్బతిని కూడా మాట నిలిచిన మనిషిని చూపిస్తే 500 ఫ్రాంకులు ఇస్తానని 1848లో పందెం కట్టాడు. చాలా ఏళ్లు ఎవరూ ముందుకు రాలేదు. 1865లో వెల్పో అనే సర్జను లేచి, ఆ డబ్బు తనకు రావాలన్నాడు. 1843లో తన దగ్గరికి వేరే జబ్బుతో వచ్చిన సవరాల పనివాడొకడు చనిపోయాక చూస్తే ముందు తమ్మెల నిండా కంతి ఉందట. బతికుండగా అతను మాట్లాడలేకపోవడం అటుంచి, వార్డులో అతని వాగుడు ఆపలేక చచ్చారట! ఆ చర్చకు హాజరైనవాళ్లలో ఎంతమంది నవ్వు ఆపుకున్నారో.

బుయ్యో అల్లుడు ఒబుర్టాన్. ఈయనా వైద్యుడే. మామ సిద్ధాంతాన్ని భుజాన వేసుకున్నాడు. వాదనకు వేదిక పారిస్ మానవశాస్త్ర సంఘం, బ్రోకా 1859లో స్థాపించింది. ప్రభుత్వానికి ఆ సంఘమంటే ఎంత అనుమానమంటే సమావేశాల్లో పోలీసు అధికారి ఒకడు మామూలు దుస్తుల్లో కూర్చునేవాడు. అతనికి అక్కడి చర్చ ఎంత అర్థమైందో గానీ, 1861 ఫిబ్రవరి నుంచి మాత్రం వినడానికి బోలెడంత దొరికింది. మెదడు పెద్దదైతే తెలివి ఎక్కువా అనే దగ్గర మొదలైంది గొడవ. కాదన్నవాడు గ్రాసియోలే. ఔనన్నవాడు బ్రోకా. మహాశాస్త్రవేత్త క్యువియే మెదడు బరువు సంగతి వచ్చింది, ఆయన టోపీ కొలతల దాకా పోయింది. ఆ రచ్చలోంచి, మెదడు ఒకే ముద్దా, భాగాలుగా పనిచేస్తుందా అన్న అసలు ప్రశ్న పైకి తేలింది.

అప్పుడు ఒబుర్టాన్ ఒక ఉదంతం చెప్పాడు. తుపాకితో కాల్చుకున్న మనిషినొకణ్ణి సెయింట్ లూయీ ఆస్పత్రికి తెచ్చారు. నుదుటి ఎముక ఎగిరిపోయి మెదడు ముందుభాగం బయటికి కనిపిస్తోంది. స్పృహలోనే ఉన్నాడు, అడిగినవాటికి జవాబిస్తున్నాడు. అతను మాట్లాడుతుండగా వెడల్పాటి స్పాచులాతో ఆ ముందు తమ్మెను మెల్లగా నొక్కారు. మాట టక్కున ఆగింది, ఒక పదమైతే సగంలో తెగింది. వదిలితే మళ్లీ మొదలైంది. కొన్ని గంటల్లో చనిపోయాడు. ఈ ప్రయోగం చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఒబుర్టాన్ మాత్రం దాన్ని తిరుగులేని రుజువుగా సభ ముందు పెట్టాడు. అంతటితో ఆగక, మాట పోయి చావుకు దగ్గరైన ఇంకో రోగి ఉన్నాడనీ, అతని ముందు తమ్మెల్లో దెబ్బ లేకపోతే తన వాదన వదిలేసుకుంటాననీ సవాలు విసిరాడు. అది ఏప్రిల్ 4న. వారం తిరిగేసరికి బ్రోకా వార్డులోకి లెబోర్న్ వచ్చిపడ్డాడు.

బ్రోకా వెంటనే ఒబుర్టాన్‌కు కబురు పెట్టాడు. వచ్చి చూడు, ఈ మనిషి మెదడులో ఎక్కడ దెబ్బ ఉంటుందో ముందే చెప్పు అన్నాడు. ఒబుర్టాన్ వచ్చి పరీక్షించి, అనుమానమే లేదు, ముందు తమ్మె అన్నాడు. రోగి చనిపోకముందే జోస్యం నమోదు కావడం ముఖ్యం. చచ్చాక కోసి, దొరికినదాన్ని బట్టి కథ అల్లుకోవడం అప్పటి అలవాటు.

ఈలోగా బ్రోకా రోగిని ప్రశ్నలు అడుగుతూనే ఉన్నాడు. గడియారం చూపిస్తే టైము చెప్పాడు, వేళ్లతోనే. అన్నిటికంటే విలువైన జవాబు మరొకటి. నీ జబ్బు ఏ వరసలో వచ్చింది అని అడిగితే లెబోర్న్ ముందు తన నాలుక చూపించాడు, తర్వాత కుడి చెయ్యి, ఆ తర్వాత కుడి కాలు. మూడు సైగలు. మాట మొదట పోయింది, చెయ్యి తర్వాత, కాలు ఆఖరున. ఆస్పత్రివాళ్ల మాటా దీనితో కలిసింది. ఆ మూడు సైగలే రేపు బ్రోకా వాదనకు వెన్నెముక కాబోతున్నాయి.

ఏప్రిల్ 17 ఉదయం లెబోర్న్ చనిపోయాడు. 24 గంటలు గడిచాక తల తెరిచారు. ఆ రోజే, 18న, బ్రోకా ఆ మెదడును సంఘం బల్ల మీద పెట్టాడు.

పొరలు తీశాక మెదడు బరువు 987 గ్రాములు. ఆ వయసు మగవాళ్ల సగటు కంటే దాదాపు 400 గ్రాములు తక్కువ. ఎడమ సగంలో, ముందు తమ్మె వెనకపక్క, కోడిగుడ్డు పట్టేంత గుంట. అందులో నీళ్లలాంటి ద్రవం. చుట్టూ మెత్తబడ్డ కణజాలం, ముందు తమ్మెను దాటి కణత వైపు తమ్మెకూ, లోతున ఉన్న భాగాలకూ పాకింది. అంటే దెబ్బ ఒక్కచోట లేదు. మెదడు ఎడమ సగంలో చాలా భాగం చెడిపోయింది. ఇందులో మాట పోగొట్టింది ఏ ముక్క?

ఇక్కడే ఆ సైగలు అక్కరకొచ్చాయి. జబ్బు మెల్లగా పాకింది కనక, అన్నిటికంటే పాతగా, ఎక్కువగా చెడిపోయిన చోటే జబ్బు మొదలైన చోటు అవుతుంది. మొదట పోయింది మాట. మొదటి పదేళ్లూ మాట తప్ప ఇంకేమీ పోలేదు. కాబట్టి ఎక్కడ కణజాలం పూర్తిగా మాయమైందో అక్కడే మాట ఉండాలి. గుంట నడిబొడ్డు ఎడమ ముందు తమ్మెలోని మూడో మడత మీద పడింది. చెయ్యీ కాలూ పడిపోయింది జబ్బు లోపలికి దిగాక. బ్రోకా లెక్క ఇది. గాల్, బుయ్యో ఇద్దరూ "ముందుభాగం" అని వదిలేసిన చోట ఈయన ఒక మడత పేరు చెప్పాడు.

లెక్క ఎంత పొందిగ్గా ఉన్నా, లోపల ఏముందో చూడకుండా కట్టినది. దెబ్బ ఎంత లోతుకు పోయిందో తెలియాలంటే మెదడును పొరలు పొరలుగా కోయాలి. కోస్తే నమూనా నాశనమవుతుంది. బ్రోకా కోయలేదు. లోపలి వివరాలు పోతే పోనీ, ఈ మెదడును ఎవరైనా వచ్చి తమ కళ్లతో చూసుకునేలా ఉండాలనుకున్నాడు. ఆల్కహాలులో వేసి డ్యుప్వీట్రాన్ మ్యూజియంకు ఇచ్చాడు. అప్పటికి తన వాదన గెలవడానికి అది సాయం చేయలేదు, పైగా బలహీనతే. ఆయన రాసినవన్నీ పక్కనబెట్టి ఈ ఒక్క నిర్ణయాన్ని చూసినా ఆ సర్జను మీద నాకు గౌరవం కలుగుతుంది.

ఇంతకీ లెబోర్న్‌కు పోయిందేమిటి? గొంతు పోలేదు, "టాన్" అనగలడు. నాలుక కదులుతుంది. వినికిడి ఉంది, అర్థం చేసుకుంటాడు, లెక్క తెలుసు, కోపం వస్తుంది. చెప్పదలుచుకున్నదాన్ని మాటలుగా కూర్చి బయటికి తెచ్చే పని ఒక్కటే పోయింది. దీన్నే ఇప్పుడు అఫేసియా అంటున్నాం. బ్రోకా పెట్టిన పేరు వేరు, 1864లో త్రూసో అనే వైద్యుడు మార్చిన పేరే నిలిచింది. మన ఇళ్లలో పక్షవాతం వచ్చినప్పుడు "కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట కూడా పడిపోయింది" అంటాం. ఆ రెండూ కలిసి రావడానికి కారణం రక్తనాళం. మెదడు నడిమి ధమని ఎడమవైపు మూసుకుపోతే, అది రక్తం ఇచ్చే మాట ప్రాంతాలూ, వాటి పక్కనే ఉన్న కుడి చేతిని కదిలించే ప్రాంతమూ కలిసే దెబ్బతింటాయి. మెదడు ఎడమ సగం ఒంటి కుడి సగాన్ని నడుపుతుంది కనక పడిపోయేది కుడి పక్క. స్ట్రోక్ వచ్చినవాళ్లలో దాదాపు మూడోవంతు మందికి మొదట్లో ఏదో ఒక స్థాయిలో అఫేసియా ఉంటుంది.

మాట రాని మనిషికి మతి కూడా పోయిందనుకోవడం, చెవుడు వచ్చినట్టు గట్టిగా అరిచి మాట్లాడటం, అతని ముందే అతని గురించి ఇతరులతో చెప్పుకోవడం, ఇవన్నీ చూస్తూనే ఉంటాం. లెబోర్న్ తిట్టింది ఇలాంటిదానికే. ఆ తిట్టుకు ఇంకో విశేషం ఉంది. "నీళ్లు" అనలేని రోగి తిట్లు తిట్టగలడు, ఒకట్ల నుంచి అంకెలు వల్లించగలడు, ఎప్పటి నుంచో నోటికొచ్చిన స్తోత్రం అప్పజెప్పగలడు, పాట పాడగలడు. ఆలోచించి కూర్చే మాట వేరు, తన్నుకొచ్చే మాట వేరు అని లండన్‌లో హ్యూలింగ్స్ జాక్సన్ అనే వైద్యుడు తర్వాతి దశాబ్దాల్లో గట్టిగా వాదించాడు. తిట్టు బయటికి వచ్చింది కదా అని మాట తిరిగొచ్చినట్టు కాదు. మాట వచ్చినా కావాలనే మాట్లాడటం లేదని రోగిని దబాయించే బంధువులకు ఈ తేడా తెలియాలి.

అదే ఏడాది అక్టోబరులో రెండో రోగి వచ్చాడు. లెలాంగ్, 84 ఏళ్ల కూలీ. పడి తుంటి దగ్గర ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఏడాదిన్నర కిందట స్ట్రోక్ వచ్చినప్పటి నుంచీ అతనికి మిగిలిన మాటలు ఐదు. "అవును", "కాదు", "ఎప్పుడూ", సగం నలిగిన తన పేరు, "మూడు". ఆ మూడు కూడా "త్రువా" అని నోరు తిరగక "తువా". పిల్లలెంతమంది అని అడిగితే "తువా" అని చెప్పి నాలుగు వేళ్లు ఎత్తాడు. మగపిల్లలు? "తువా", రెండు వేళ్లు. ఏ అంకె అడిగినా నోరు మూడే అంటుంది, వేళ్లు నిజం చెబుతాయి. నోరు తప్పు చెబుతోందని అతనికి తెలుసు, అందుకే వేళ్లతో దిద్దుతున్నాడు. అఫేసియా అంటే ఏమిటో ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నేను చదవలేదు.

కొద్ది రోజుల్లో లెలాంగ్ చనిపోయాడు. మెదడు తీసి చూస్తే దెబ్బ చాలా చిన్నది, లెబోర్న్ గుంట పడ్డ చోటుకు అటూ ఇటూగా అదే చోట. ఆశ్చర్యంతో మొద్దుబారిపోయినంత పనైందని బ్రోకా రాశాడు. ఈ మెదడూ కోయలేదు. ఇదీ మ్యూజియంకే వెళ్లింది.

1863 నాటికి ఎనిమిది కేసులు పోగయ్యాయి. ఎనిమిదింటిలోనూ దెబ్బ ఎడమవైపే. ఇది బ్రోకాకు నచ్చని ఫలితం. కళ్లు రెండు, చెవులు రెండు, మెదడు సగాలు రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. జంట అవయవాలు ఒకే పని చేస్తాయన్నది అప్పటి శరీరశాస్త్రంలో దాదాపు చట్టం. మాట ఒక్క సగంలోనే ఎందుకుంటుంది? తీర్పు చెప్పడానికి సాహసించడం లేదు, ఇంకా కేసులు రావాలి అని ఆగాడు. 1865లో గానీ మనం మాట్లాడేది ఎడమ సగంతో అని ఒప్పుకోలేదు. ఎడమచేతివాటం ఉన్నట్టే, కుడి సగంతో మాట్లాడేవాళ్లు కొందరుండవచ్చని కూడా అన్నాడు. అదే వ్యాసంలో ఇంకో మాట రాశాడు, దాన్ని ఎవరూ పెద్దగా తలుచుకోరు. మాట పోయిన పెద్దవాళ్లకు మళ్లీ నేర్పవచ్చు, కానీ బిడ్డకు మాటలు నేర్పే తల్లికున్నంత ఓపిక కావాలి అన్నాడు. ఇవాళ్టి స్పీచ్ థెరపిస్టులు చేస్తున్నది అదే.

ఎడమ సగం సంగతి తన తండ్రి ముందే చెప్పాడంటూ దక్షిణ ఫ్రాన్స్ నుంచి గుస్తావ్ డాక్స్ అనే వైద్యుడు వచ్చాడు. తండ్రి మార్క్ డాక్స్ సొమియేర్ అనే చిన్న ఊళ్లో వైద్యం చేసేవాడు. మాట పోయిన రోగులకు పడిపోయేది కుడిపక్కేనని దశాబ్దాలపాటు గమనించి, నలభైకి పైగా కేసులతో 1836లో వ్యాసం రాశాడని కొడుకు మాట. మోంపెల్యేలో ఆ ఏడు జరిగిన సభలో దాన్ని చదివినట్టు బ్రోకా విచారిస్తే ఎవరికీ గుర్తులేదు. వ్యాసం 1865లో అచ్చయింది. పల్లెటూరి వైద్యుడు ఒక్క తలా తెరవకుండా, రోగి ఏ పక్క పడిపోయాడో చూసి ఇంత పెద్ద సంగతి పట్టుకోవడం మామూలు విషయం కాదు. తగవు మాత్రం ఇప్పటికీ చరిత్రకారుల మధ్య నడుస్తోంది.

బ్రోకాను దేవుణ్ణి చేయవద్దు. లెబోర్న్ మంచం పక్కన అంత జాగ్రత్తగా సాక్ష్యం సేకరించిన మనిషే, అదే సంఘంలో పుర్రెలు కొలిచి, మెదళ్లు తూచి, ఆడవాళ్లు మగవాళ్లకంటే, నల్లవాళ్లు తెల్లవాళ్లకంటే తక్కువని లెక్కలు కట్టాడు. ఆ లెక్కల్లో ఫలితం ముందే ఉండేది, కొలతలు తర్వాత దానికి తగ్గట్టు సర్దుకునేవి. 1880లో చనిపోయాక ఆయన మెదడూ సీసాలోకే వెళ్లింది. చాలా ఏళ్లకు అది కార్ల్ సాగన్ కంటబడి, ఆయన 1979 పుస్తకానికి పేరైంది.

"బ్రోకా ప్రాంతం" నలభై ఏళ్లు వేదవాక్కుగా చెలామణీ అయింది. 1906లో పియెర్ మారీ దాన్ని తిరగదోడాడు. ఆయన కూడా బిసెత్ర్ వైద్యుడే. మ్యూజియంకు వెళ్లి ఆ రెండు మెదళ్లనూ చూశాడు. లెలాంగ్‌ది ముసలితనంలో కుంచించుకుపోయిన మెదడే తప్ప ప్రత్యేకంగా దెబ్బ లేదన్నాడు. లెబోర్న్‌ది కణత దాకా చెడిన మెదడు, దాన్ని పట్టుకుని ఒక్క మడతను నిందించడమేమిటన్నాడు. ఎడమ మూడో మడతకు భాషలో ప్రత్యేకమైన పాత్ర ఏదీ లేదన్నది ఆయన వ్యాసం శీర్షికే. పారిస్ నరాల వైద్యులు రెండుగా చీలారు. 1908లో మూడు విడతల బహిరంగ చర్చ జరిగింది. అవతలి పక్షం నాయకుడు డెజెరిన్, ఆయన తరఫున శరీర నిర్మాణం గురించి వాదించింది ఆయన భార్య, స్వయంగా గొప్ప వైద్యురాలు ఒగుస్తా. ఎవరూ ఓడలేదు. ఓడించాలంటే ఆ సీసాలోని మెదడు లోపల ఏముందో తెలియాలి.

కోయకుండా లోపల చూసే యంత్రం రావడానికి ఇంకా డెబ్బై ఏళ్లు పట్టింది. 1980లో లెబోర్న్ మెదడును సీటీ స్కాన్ తీశారు. 2007లో నీనా డ్రాంకర్స్ బృందం రెండు మెదళ్లనూ ఎంఆర్ఐలో పెట్టి మరింత స్పష్టమైన బొమ్మలు అచ్చువేసింది. గుంట నడిబొడ్డు బ్రోకా చెప్పిన మూడో మడత మీదే ఉంది. అక్కడ ఆయన కన్ను పొరబడలేదు. కానీ దెబ్బ అక్కడ ఆగలేదు. మడతల కింద దాగి ఉండే ఇన్సులా, ఇంకా లోతున ఉండే నాడీకణాల గుంపులు, ముందు తమ్మెను వెనక భాగాలతో కలిపే పొడవాటి తెల్లని నరాల కట్ట, అన్నీ చెడ్డాయి. ఈ కట్టయితే ఆ చివర నుంచి ఈ చివరదాకా తెగిపోయింది. లెలాంగ్ మెదడులోనూ ఆ కట్ట చెడింది. అతనికి పైన చెడిన ముక్కేమో, ఇవాళ మనం బ్రోకా ప్రాంతమని పిలిచే చోటులో వెనక భాగం మాత్రమే.

దీనికి తోడు, 1978లో అమెరికా వైద్యుడు మోర్ చూపించిందొకటుంది. దెబ్బ కచ్చితంగా ఆ ఒక్క మడతకే పరిమితమైతే రోగికి మాట కొన్నాళ్లు పడిపోయి చాలావరకు తిరిగొస్తుంది. జీవితాంతం నిలిచే అఫేసియాకు అంతకంటే పెద్ద దెబ్బ కావాలి. అంటే 21 ఏళ్లపాటు లెబోర్న్ నోరు కట్టేసింది ఒక్క మడత కాదు. మడతా, దాని వెనక ఉన్న దారులూ కలిసి. బ్రోకా, మారీ ఇద్దరికీ చెరో సగం దక్కింది. ఇప్పుడు శాస్త్రవేత్తలు భాషకు ఒక గది అనడం మానేసి దారుల గురించే ఎక్కువ మాట్లాడుతున్నారు. విన్న శబ్దాన్ని అర్థానికి చేర్చే దారి ఒకటి కణత తమ్మెలో ముందుకు సాగుతుంది, శబ్దాన్ని నోటి కదలికలతో కలిపే దారి మరొకటి పైనుంచి చుట్టి ముందు తమ్మెకు చేరుతుంది అంటున్నారు.

మెదడు గురించి ఇంత తేలినా, ఆ మెదడు మోసిన మనిషి గురించి ఎవరూ వెతకలేదు. నిరక్షరాస్యుడని, దిక్కులేని కూలీ అని పుస్తకాలు ఒకదాన్ని చూసి ఒకటి రాసుకుపోయాయి. 2013లో చెజారీ డొమాన్‌స్కీ అనే పోలండ్ చరిత్రకారుడు పాత జనన మరణ రిజిస్టర్లు తిరగేశాడు. పూర్తి పేరు లూయీ విక్టర్ లెబోర్న్. 1809 జులై 21న పారిస్‌కు ఆగ్నేయంగా మోరే అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి బడిపంతులు. అక్షరం తెలిసిన ఇంటి పిల్లవాడే.

ఇంత చెప్పినా బ్రోకా సిద్ధాంతానికి అసలు లొంగని రోగులు కొందరు మిగిలారు. వీళ్లకు మాట పోలేదు. గలగలా మాట్లాడతారు, వాక్యం తర్వాత వాక్యం, ఊపు కూడా సరిగ్గానే ఉంటుంది. మాటల్లో అర్థం ఉండదు, ఎదుటివాళ్లు చెప్పేది బోధపడదు. మతి చలించిందని చాలామందిని పిచ్చాస్పత్రులకు పంపేశారు. 1874లో బ్రెస్లావ్ నగరంలో అలాంటి 59 ఏళ్ల స్త్రీని పరీక్షించిన 26 ఏళ్ల జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికె, ఈమెకు పిచ్చి లేదన్నాడు. దెబ్బ ముందు తమ్మెలో కాదు, చెవి వెనక చూడమన్నాడు. వచ్చే భాగం ఆయనది.